జనమంతా ఓటు కాదు... పాలకొల్లు ఓటమి నుంచి పిఠాపురం గెలుపు దాకా

పిఠాపురం: గోదావరి జిల్లాల్లో శాసనసభ ఎన్నిక అనగానే ముందుగా చర్చకు వచ్చేది అభ్యర్థి ఎవరన్నదే. ఆ అభ్యర్థి సినీ కథానాయకుడైతే ఊరూవాడా అదే మాట. అయితే ఈ గడ్డపై పదిహేనేళ్ల వ్యవధిలో ఒకే కుటుంబానికి చెందిన అన్నదమ్ములు మూడు స్థానాల్లో తమ అదృష్టాన్ని పరీక్షించుకోగా రెండుచోట్ల ఓటమి, ఒకచోట ఘనవిజయం దక్కాయి. 2009లో పాలకొల్లులో చిరంజీవి, 2019లో భీమవరంలో పవన్‌ కల్యాణ్‌ పరాజయం పాలయ్యారు. 2024లో పిఠాపురంలో పవన్‌ కల్యాణ్‌ 70,279 ఓట్ల ఆధిక్యంతో తొలిసారి శాసనసభలో అడుగుపెట్టారు. మూడు సందర్భాల్లోనూ ప్రచారానికి జనం వెల్లువెత్తారు. ఓటు మాత్రం ఒక్కసారే కలిసివచ్చింది. ఎందుకిలా జరిగిందన్నది అభిమానుల వాదనల కంటే ఓట్ల లెక్కలను పరిశీలిస్తేనే స్పష్టమవుతుంది.

అత్తవారి ఊరిలో ఎదురుదెబ్బ

చిరంజీవి 2008 ఆగస్టు 26న తిరుపతిలో జరిగిన బహిరంగసభలో ప్రజారాజ్యం పార్టీని ప్రకటించారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు విడతలుగా పోలింగ్‌ నిర్వహించగా ఉభయగోదావరి జిల్లాల్లో 2009 ఏప్రిల్‌ 23న ఓటింగ్‌ జరిగింది. పార్టీ పుట్టిన తిరుపతితోపాటు పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లు నుంచి కూడా చిరంజీవి బరిలోకి దిగారు.

ఆయన స్వగ్రామం మొగల్తూరు. అది నరసాపురం నియోజకవర్గ పరిధిలోకి వస్తుంది. పాలకొల్లుతో ఉన్నది అత్తింటి అనుబంధం. హాస్యనటుడు, ఆయన మామగారు అల్లు రామలింగయ్య జన్మస్థలం పాలకొల్లే. ఇటు స్వగ్రామానికి దగ్గర, అటు అత్తవారి ఊరు కావడంతో గెలుపు నల్లేరుపై నడకే అవుతుందన్న అంచనాలు అప్పట్లో బలంగా వినిపించాయి.

మే 16న ఓట్ల లెక్కింపు పూర్తయ్యేసరికి అంచనాలు తలకిందులయ్యాయి. కాంగ్రెస్‌ అభ్యర్థిని బంగారు ఉషారాణికి 49,720 ఓట్లు, చిరంజీవికి 44,274 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థికి 29,371 ఓట్లు లభించాయి. 5,446 ఓట్ల తేడాతో కాంగ్రెస్‌ విజయం సాధించింది. తిరుపతిలో గెలవడంతో చిరంజీవి శాసనసభకు వెళ్లగలిగినా, సొంత జిల్లాలో ఓటమి మాత్రం ఆయన వెంట నడిచింది. రాష్ట్రవ్యాప్తంగా సుమారు 16 శాతం ఓట్లు సాధించిన ప్రజారాజ్యానికి 294 స్థానాల్లో దక్కినవి 18 మాత్రమే.

రెండు పడవల ప్రయాణం

ప్రజాప్రాతినిధ్య చట్టానికి 1996లో చేసిన సవరణ ప్రకారం ఒక అభ్యర్థి ఒకేసారి రెండు శాసనసభ స్థానాలకు మించి పోటీ చేయరాదు. రెండింటా గెలిస్తే నిర్ణీత గడువులోగా ఒకదాన్ని వదులుకోవాలి. అక్కడ ఉపఎన్నిక అనివార్యం. అంతకుముందు ఈ పరిమితి లేదు. ఎన్టీ రామారావు 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ స్థానాల్లో పోటీ చేసి మూడింటా గెలుపొందారు. అదే ఎన్టీఆర్‌ 1989లో హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడిపోయారు. కాబట్టి సినీ ఆకర్షణ ఎప్పుడూ, ఎక్కడైనా గెలిపిస్తుందన్న నమ్మకానికి ఆనాడే గండి పడింది.

రెండుచోట్ల పోటీ అన్నది నాయకుడికి భద్రత. ఓటరుకు మాత్రం అనుమానం. రెండింటా గెలిస్తే మా ఊరిని ఉంచుకుంటారా, వదిలేస్తారా అన్న ప్రశ్న ప్రతి ఇంటి అరుగుమీదా తలెత్తుతుంది. ప్రత్యర్థులకు వేరే ప్రచారాస్త్రం అక్కర్లేదు. పాలకొల్లులో 2009లో, భీమవరంలో 2019లో అభ్యర్థి రెండో స్థానం నుంచి కూడా పోటీలో ఉన్నారు. పిఠాపురంలో 2024లో ఆ ప్రశ్నకు తావే లేకుండా పవన్‌ కల్యాణ్‌ ఒక్క స్థానానికే పరిమితమయ్యారు. మూడు ఎన్నికల మధ్య కంటికి కనిపించే తొలి తేడా ఇదే.

భీమవరంలో ముగ్గురి మధ్య పోరు

పవన్‌ కల్యాణ్‌ 2014 మార్చి 14న జనసేన పార్టీని ప్రకటించారు. ఆ ఏడాది ఎన్నికల్లో పోటీకి దూరంగా ఉండి తెలుగుదేశం, భాజపా కూటమికి మద్దతు పలికారు. పశ్చిమగోదావరి జిల్లాలోని 15 స్థానాలనూ ఆ కూటమి కైవసం చేసుకుంది. అయిదేళ్ల తర్వాత ఆ స్నేహం చెదిరింది. 2019లో బీఎస్పీ, వామపక్షాలతో కలిసి జనసేన బరిలోకి దిగింది. పార్టీ అధినేత విశాఖ జిల్లా గాజువాకతోపాటు భీమవరాన్ని ఎంచుకున్నారు. నరసాపురం లోక్‌సభ స్థానానికి ఆయన సోదరుడు నాగబాబు పోటీ చేశారు.

భీమవరంలో ప్రత్యర్థులు కొత్తవారు కారు. వైకాపా అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్‌ 2004లో కాంగ్రెస్‌ తరఫున అక్కడ గెలిచిన వ్యక్తి. తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులు 2009లో కాంగ్రెస్‌ నుంచి, 2014లో తెలుగుదేశం నుంచి వరసగా రెండుసార్లు నెగ్గి అప్పటికి సిటింగ్‌ ఎమ్మెల్యేగా ఉన్నారు. ఒక మాజీ, ఒక తాజా ఎమ్మెల్యే నడుమ సినీ కథానాయకుడు నిలిచారన్నమాట.

ఏప్రిల్‌ 11న పోలింగ్‌, మే 23న లెక్కింపు జరిగాయి. గ్రంధి శ్రీనివాస్‌కు 70,642, పవన్‌ కల్యాణ్‌కు 62,285, రామాంజనేయులుకు 54,037 ఓట్లు పోలయ్యాయి. ఆధిక్యం 8,357. గాజువాకలోనూ పవన్‌కు ఓటమే ఎదురైంది. నరసాపురం లోక్‌సభ పోరులో నాగబాబు మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద జనసేనకు దక్కిన ఏకైక స్థానం కోనసీమలోని రాజోలు. అక్కడ రాపాక వరప్రసాదరావు 814 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఆయన కూడా తర్వాతి కాలంలో వైకాపా పక్షాన నిలిచారు.

చీలిక లెక్క ఇదీ

మన ఎన్నికల విధానంలో సగానికి మించి ఓట్లు రావాలన్న నిబంధన లేదు. పోటీలో ఉన్నవారందరిలో ఎక్కువ ఓట్లు ఎవరికి వస్తే వారే విజేత. ఇద్దరే తలపడితే సగం ఓట్లకు చేరువైనవారికే గెలుపు. ముగ్గురు సమ ఉజ్జీలైతే మూడో వంతుకు కాస్త మించినా చాలు.

భీమవరంలో 2019లో ముగ్గురు ప్రధాన అభ్యర్థులకు వచ్చిన ప్రతి 100 ఓట్లలో వైకాపాకు సుమారు 38, జనసేనకు 33, తెలుగుదేశానికి 29 పడ్డాయి. అంటే 62 మంది వద్దన్న అభ్యర్థి గెలిచారని ఒకరు, 67 మంది వద్దన్న అభ్యర్థి ఓడారని మరొకరు వాదించవచ్చు. రెండూ నిజమే. పాలకొల్లులో 2009 నాటి లెక్క చూసినా ఇదే తీరు. ముగ్గురికి వచ్చిన 100 ఓట్లలో కాంగ్రెస్‌కు 40, ప్రజారాజ్యానికి 36, తెలుగుదేశానికి 24.

ఇక్కడే ఎన్టీఆర్‌ విజయానికీ, చిరంజీవి అనుభవానికీ మధ్య ఉన్న ప్రధాన వ్యత్యాసం బయటపడుతుంది. 1982 మార్చి 29న తెలుగుదేశం ఆవిర్భవించేనాటికి కాంగ్రెస్‌కు ఎదురు నిలిచిన బలమైన పక్షం రాష్ట్రంలో లేదు. కాంగ్రెస్‌పై కోపం ఉన్న ఓటంతా ఒకే గుర్తుకు చేరింది. 2009 నాటికి ఆ చోటు ఖాళీగా లేదు. అధికారపక్షం కాంగ్రెస్‌, ప్రతిపక్షం తెలుగుదేశం... రెండూ ఊరూరా వేళ్లూనుకున్న పార్టీలే. మూడో పక్షంగా వచ్చిన ప్రజారాజ్యం తన ఓటు తాను తెచ్చుకుంది గానీ అధికారపక్ష వ్యతిరేక ఓటును రెండుగా చీల్చింది. పదేళ్ల తర్వాత జనసేనకు ఎదురైందీ ఈ స్థితే.

ఉభయగోదావరి జిల్లాల్లో 2019 ఫలితాలు చూస్తే ఈ చీలిక ఎంత లోతుగా పనిచేసిందీ అర్థమవుతుంది. పశ్చిమగోదావరిలోని 15 స్థానాల్లో వైకాపా 13, తెలుగుదేశం 2 గెలిచాయి. తూర్పుగోదావరిలోని 19లో వైకాపా 14, తెలుగుదేశం 4, జనసేన 1 దక్కించుకున్నాయి.

సామాజిక లెక్క ఒక్కటే చాలదు

డెల్టా రాజకీయాల్లో కాపు సామాజికవర్గ ఓట్ల ప్రస్తావన లేకుండా చర్చ సాగదు. పాలకొల్లు, భీమవరం, పిఠాపురం... మూడుచోట్లా ఆ వర్గం సంఖ్యాపరంగా బలమైనదే. చిరంజీవి, పవన్‌ కల్యాణ్‌ అదే వర్గానికి చెందినవారు కావడంతో ఆ ఓటు గంపగుత్తగా పడుతుందన్న లెక్కలు ప్రతిసారీ వినిపించాయి. అయితే ఏ నియోజకవర్గంలోనూ ఒక్క వర్గం ఓటుతో గెలుపు సాధ్యం కాదు. శెట్టిబలిజ, మత్స్యకార, చేనేత వంటి వెనుకబడిన వర్గాలు, దళితులు, క్షత్రియులు, ఇతర వర్గాలు కలిస్తేనే ఆధిక్యం. ఒక వర్గం ఏకమవుతోందన్న ప్రచారం మితిమీరితే మిగిలిన వర్గాలు మరోవైపు సమీకరణ అయ్యే ప్రమాదం కూడా ఉంది. పైగా ఆ ఒక్క వర్గం ఓటూ ఎన్నడూ ఒకే గంపలో లేదు. అన్ని ప్రధాన పార్టీల్లోనూ ఆ వర్గం నాయకులున్నారు. పిఠాపురంలో 2024లో వైకాపా నిలబెట్టిన వంగా గీత కూడా అదే వర్గానికి చెందినవారు.

రాజమహేంద్రవరం జైలు బయట మలుపు

చీలిక వల్ల జరిగిన నష్టాన్ని రెండు పక్షాలూ 2019 ఫలితాల్లోనే చూశాయి. అయినా పొత్తు వెంటనే కుదరలేదు. 2023 సెప్టెంబరు 9న నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో తెలుగుదేశం అధినేత చంద్రబాబునాయుడు అరెస్టయ్యారు. ఆయన్ను రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి తరలించారు. సెప్టెంబరు 14న జైలులో ఆయన్ను కలిసి బయటకు వచ్చిన పవన్‌ కల్యాణ్‌ తెలుగుదేశం, జనసేన కలిసి పోటీ చేస్తాయని అక్కడికక్కడే ప్రకటించారు. గోదావరి జిల్లాల ఎన్నికల చిత్రం ఆ రోజే మారిపోయింది.

సీట్ల పంపకం మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 2024 ఫిబ్రవరి 24న జనసేనకు 24 శాసనసభ, 3 లోక్‌సభ స్థానాలు ఖరారయ్యాయి. మార్చిలో భాజపా కూడా కూటమిలో చేరడంతో ఆ సంఖ్య 21, 2కు తగ్గింది. తెలుగుదేశం 144, భాజపా 10 శాసనసభ స్థానాలు తీసుకున్నాయి. 175 స్థానాల రాష్ట్రంలో 21తో సరిపెట్టుకోవడంపై జనసేన శ్రేణుల్లో అసంతృప్తి వ్యక్తమైంది. ఎన్ని చోట్ల పోటీ చేశామన్నదాని కంటే పోటీ చేసినచోట గెలవడమే ముఖ్యమన్న వైఖరిని పార్టీ అధినేత తీసుకున్నారు. ప్రజారాజ్యం, 2019 నాటి జనసేన నేర్పిన పాఠం అదే.

పిఠాపురం... ఎవరికీ కట్టుబడని ఓటరు

2024 మార్చి 14న, పార్టీ ఆవిర్భావ దినోత్సవం నాడు, తాను పిఠాపురం నుంచి పోటీ చేస్తున్నట్లు పవన్‌ కల్యాణ్‌ ప్రకటించారు. పాదగయ క్షేత్రం, పురుహూతికా శక్తిపీఠం, శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థానంగా పేరొందిన పట్టణమిది. పిఠాపురం, గొల్లప్రోలు, యు.కొత్తపల్లి మండలాలు నియోజకవర్గ పరిధిలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత ఇది కాకినాడ జిల్లాలో చేరింది.

గోదావరి డెల్టా అంచున ఉన్న ఈ ప్రాంత రైతులకు ఏలేరు ఆయకట్టే ఆధారం. నీరు రాకపోతే ఒక బాధ, వరదై వస్తే మరో బాధ. సముద్రతీరాన ఉప్పాడలో జాందానీ చీరల నేతపై బతికే చేనేత కుటుంబాలు, చేపల వేటపై బతికే మత్స్యకారులు ఉన్నారు. అలల కోతకు తీరప్రాంత ఇళ్లు, రహదారి దెబ్బతినడం ఉప్పాడకు ఏళ్ల తరబడి ఉన్న సమస్య. అంటే మూడు మండలాల్లో రైతు, నేతకారుడు, మత్స్యకారుడు... ముగ్గురికీ వేర్వేరు అవసరాలు.

ఈ నియోజకవర్గానికి మరో ప్రత్యేకత ఉంది. 2004 నుంచి వరసగా ఐదు ఎన్నికల్లో ఐదు వేర్వేరు గుర్తులకు ఇక్కడి ఓటర్లు పట్టం కట్టారు. 2004లో భాజపా అభ్యర్థి పెండెం దొరబాబు గెలిచారు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తంమీద భాజపా గెలిచిన రెండు స్థానాల్లో ఇదొకటి. 2009లో ప్రజారాజ్యం తరఫున వంగా గీత వెయ్యి ఓట్ల పైచిలుకు తేడాతో తెలుగుదేశం అభ్యర్థి ఎస్‌వీఎస్‌ఎన్‌ వర్మపై నెగ్గారు. 2014లో తెలుగుదేశం టికెట్‌ దక్కని వర్మ స్వతంత్రుడిగా నిలిచి 47 వేల ఓట్ల ఆధిక్యంతో సంచలనం సృష్టించారు. తర్వాత తిరిగి తెలుగుదేశంలో చేరారు. 2019లో వైకాపా నుంచి దొరబాబు మళ్లీ గెలిచారు. 2024లో జనసేన వంతు వచ్చింది.

ప్రజారాజ్యానికి అండగా నిలిచిన గోదావరి నియోజకవర్గాల్లో పిఠాపురం ఒకటి. అయితే పదిహేనేళ్ల తర్వాత ఆ పార్టీ అధినేత తమ్ముడిపై పోటీకి నిలిచింది నాటి ప్రజారాజ్యం ఎమ్మెల్యేనే. తూర్పుగోదావరి జిల్లా పరిషత్‌ అధ్యక్షురాలిగా, రాజ్యసభ సభ్యురాలిగా, ఎమ్మెల్యేగా పనిచేసి 2019లో కాకినాడ ఎంపీగా గెలిచిన వంగా గీతను వైకాపా ఎంచుకుంది. నియోజకవర్గంలో ఊరూరా పరిచయాలున్న నాయకురాలు ఒకవైపు, అక్కడ ఎన్నడూ పోటీ చేయని అధినేత మరోవైపు నిలవడంతో స్థానికత ప్రధాన చర్చనీయాంశంగా మారింది.

చట్టం మాత్రం స్థానికతను పట్టించుకోదు. 25 ఏళ్లు నిండి, రాష్ట్రంలోని ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరుగా నమోదైన ఎవరైనా జనరల్‌ స్థానంలో పోటీ చేయవచ్చు. ఆ లోటును తీర్చుకోవలసింది ప్రచారంలోనే.

వర్మ నిర్ణయమే కీలకం

పిఠాపురంలో 2019 నాటి ఓట్లను కూటమి నాయకులు ముందే కూడి చూసుకున్నారు. ఆనాడు వైకాపాకు 83,459, తెలుగుదేశం అభ్యర్థి వర్మకు 68,467, జనసేనకు 28,011 ఓట్లు వచ్చాయి. విడివిడిగా ఇద్దరూ ఓడిపోయారు. కలిపితే 96,478... విజేతకంటే 13 వేలు అధికం.

కాగితంపై కూడినంత తేలిగ్గా ఓట్లు కూడవు. 68 వేల ఓట్లు తెలుగుదేశానివే గానీ అందులో చాలా భాగం వర్మ వ్యక్తిగత బలంతో వచ్చినవి. టికెట్‌ దక్కనప్పుడు ఆయన ఏం చేయగలరో 2014లోనే నియోజకవర్గం చూసింది. పవన్‌ పోటీ ప్రకటన వెలువడగానే వర్మ అనుచరులు నిరసనకు దిగారు. 2014 పునరావృతమైతే కూటమి లెక్క కుప్పకూలేదే. చంద్రబాబు పిలిపించి మాట్లాడిన తర్వాత వర్మ మెత్తబడ్డారు. పోటీకి దూరంగా ఉండడమే కాదు, ప్రచార బాధ్యతను భుజానికెత్తుకుని గ్రామాల్లో తిరిగారు.

ఓటు బదిలీ అనే మాటకు అసలు అర్థం ఇక్కడే తెలుస్తుంది. అధినేతలు ఒకే వేదికపై చేతులు కలిపితే వార్త అవుతుంది. గ్రామస్థాయి కార్యకర్త అయిదేళ్లు ఎదురు నిలిచిన గుర్తుకు ఓటు అడిగితేనే బదిలీ జరుగుతుంది. సైకిల్‌కు అలవాటుపడిన చేయి గాజు గ్లాసు దగ్గరకు వెళ్లాలంటే ఆ ఇంటికి తెలిసినవారే వెళ్లి చెప్పాలి. బూత్‌ కమిటీలు, ఓటర్ల జాబితాపై పట్టు ఉన్న తెలుగుదేశం యంత్రాంగం జనసేన కోసం పనిచేయడం 2009లోనూ, 2019లోనూ లేని బలం.

గుర్తు చిక్కు... నిబంధనల పట్టు

అప్పటికి జనసేన గుర్తింపు పొందిన పార్టీ కాదు. 2019లో ఆరు శాతానికి లోపు ఓట్లు, ఒక్క స్థానం మాత్రమే రావడంతో రాష్ట్ర పార్టీ హోదా దక్కలేదు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి నామినేషన్‌పై ఒక్క ప్రతిపాదకుడి సంతకం చాలు. గుర్తింపు లేనివారికి ఆ నియోజకవర్గ ఓటర్లలో పది మంది ప్రతిపాదకులు కావాలి. ధరావతు అందరికీ రూ.10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ధరావతు గల్లంతే. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ అభ్యర్థి ఎన్నికల వ్యయ పరిమితి రూ.40 లక్షలు.

అంతకంటే పెద్ద చిక్కు గుర్తుది. గాజు గ్లాసు స్వేచ్ఛా గుర్తుల జాబితాలో ఉండడంతో జనసేన పోటీలో లేని కొన్ని స్థానాల్లో స్వతంత్రులకు అది దక్కింది. జనసేన అభిమాని అలవాటుగా గ్లాసుపై మీట నొక్కితే కూటమి అభ్యర్థికి నష్టం. ఈ వ్యవహారం హైకోర్టు దాకా నడిచింది. ఒక గుర్తు ఎవరిదన్న ప్రశ్న ఎన్నికల్లో ఎంత విలువైనదో ఈ ఉదంతం తెలిపింది.

ఏప్రిల్‌ 23న పవన్‌ కల్యాణ్‌ పిఠాపురంలో నామినేషన్‌ దాఖలు చేశారు. మే 13న పోలింగ్‌, జూన్‌ 4న లెక్కింపు జరిగాయి.

మూడు చోట్లా ఒకే స్థాయి ఆధిక్యం

పవన్‌ కల్యాణ్‌కు 1,34,394, వంగా గీతకు 64,115 ఓట్లు వచ్చాయి. జనసేన పోటీ చేసిన 21 శాసనసభ, 2 లోక్‌సభ స్థానాలనూ గెలుచుకుంది. ఉభయగోదావరి పాత జిల్లాల పరిధిలోని 34 శాసనసభ స్థానాలూ కూటమి ఖాతాలోనే చేరాయి. రాష్ట్రంలో కూటమి 164, వైకాపా 11 స్థానాలు సాధించాయి. జూన్‌ 12న ప్రభుత్వం ఏర్పడగా పవన్‌ కల్యాణ్‌ ఉపముఖ్యమంత్రి అయ్యారు.

ఈ విజయం ఎవరిదన్న చర్చ అప్పటి నుంచీ సాగుతూనే ఉంది. అభిమానులు నాయకుడి ఆకర్షణ అంటారు. తెలుగుదేశం శ్రేణులు తమ ఓటు బదిలీ అంటాయి. అప్పటి ప్రభుత్వంపై వ్యతిరేకతే అసలు కారణమని మరికొందరి వాదన. దీన్ని తేల్చడానికి గతంలో అన్నదమ్ములు ఓడిన ఆ రెండు స్థానాల్లోనే 2024 ఫలితాన్ని చూడడం ఉపకరిస్తుంది.

భీమవరంలో 2019లో తెలుగుదేశం తరఫున మూడో స్థానంలో నిలిచిన పులపర్తి రామాంజనేయులు జనసేనలో చేరి గాజు గ్లాసు గుర్తుపై పోటీ చేశారు. నాడు పవన్‌ ఓటమికి కారణమైన చీలికలో భాగస్వామి అయిన నాయకుడే నేడు అదే పార్టీ అభ్యర్థి అన్నమాట. ఆయనకు 1,30,424 ఓట్లు రాగా ఆధిక్యం 66,974. పాలకొల్లులో తెలుగుదేశం అభ్యర్థి నిమ్మల రామానాయుడు వరసగా మూడోసారి గెలిచారు. ఆధిక్యం 67 వేల పైచిలుకు. పిఠాపురంలో 70,279.

ఒకరు రాష్ట్రమంతటా తెలిసిన కథానాయకుడు. ఒకరు పార్టీ మారి వచ్చిన మాజీ ఎమ్మెల్యే. మరొకరు స్థానికంగా పాతుకుపోయిన సిటింగ్‌ ఎమ్మెల్యే. ముగ్గురి ఆధిక్యాల మధ్య తేడా నాలుగు వేల లోపే. దీన్నిబట్టి గెలుపునకు పునాది వేసింది కూటమి, ప్రభుత్వ వ్యతిరేక పవనాలే తప్ప ఒక్క వ్యక్తి ఆకర్షణ కాదని చెప్పవచ్చు.

అలాగని అభ్యర్థి ప్రభావం శూన్యమనడానికీ వీల్లేదు. భీమవరంలో తెలుగుదేశం, జనసేనలకు 2019లో వచ్చిన ఓట్ల మొత్తం 1,16,322. 2024లో దానికంటే 14 వేలు పెరిగాయి. పిఠాపురంలో 96,478 ఉన్నది 1,34,394కు చేరింది. అంటే దాదాపు 38 వేలు అధికం. వైకాపా ఓటు భీమవరంలో ఏడు వేలు తగ్గితే పిఠాపురంలో 19 వేలు తరిగింది. వర్మ కృషి, అధినేత పోటీ చేస్తున్నారన్న ఊపు, గెలిస్తే ప్రభుత్వంలో కీలకస్థానం దక్కుతుందన్న ఆశ కలిసి ఈ అదనపు ఓటును తెచ్చాయన్నది స్పష్టం. పునాది పొత్తుదైతే పైఅంతస్తు అభ్యర్థిది.

గెలిచాక మొదలైన పరీక్ష

2025 జనవరిలో ఎన్నికల సంఘం జనసేనను రాష్ట్ర పార్టీగా గుర్తించి గాజు గ్లాసు గుర్తును కేటాయించింది. ఆ ఏడాది మార్చి 14న పార్టీ ఆవిర్భావ సభ పిఠాపురం నియోజకవర్గంలోని చిత్రాడలోనే జరిగింది. అదే నెలలో ఎమ్మెల్యేల కోటా శాసనమండలి స్థానాలకు కూటమి అభ్యర్థులను ప్రకటించగా జనసేన నుంచి నాగబాబుకు అవకాశం లభించింది. తెలుగుదేశం జాబితాలో వర్మ పేరు లేదు. దీంతో గెలుపు ఎవరి వల్ల అన్న పాత చర్చ నియోజకవర్గంలో మళ్లీ వేడెక్కింది. టికెట్‌ వదులుకున్న నాయకుడి అనుచరుల మనసు ఎటు మొగ్గుతుందన్నది కూటమికి చిన్న విషయం కాదు. ఓటు ఒకసారి బదిలీ అయినంత మాత్రాన అది శాశ్వతంగా అక్కడే ఉండిపోదు.

ఓటరు వైపు నుంచి చూస్తే ప్రశ్న వేరు. ఉపముఖ్యమంత్రి తమ ఎమ్మెల్యే కావడం పిఠాపురానికి గౌరవం, నిధుల పరంగా ఆశ. అదే సమయంలో రాష్ట్రమంతటా తిరగాల్సిన నాయకుడు రేషన్‌ కార్డు, కాలువ పూడిక, ఇంటిస్థలం వంటి పనులకు ఎంతవరకు అందుబాటులో ఉంటారన్న సందేహం. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద గొల్లప్రోలు పరిసరాలను ముంచెత్తినప్పుడు పవన్‌ కల్యాణ్‌ అక్కడికి వచ్చి బాధితులను పరామర్శించారు. పరామర్శ ఒకనాటిది. ఏలేరు గట్లు, ఉప్పాడ తీరం కోత, నేతన్నల గిట్టుబాటు ఏడాది పొడవునా ఉండేవి. ఇక్కడి ఎమ్మెల్యేను అంతిమంగా కొలిచేది వాటితోనే.

పాలకొల్లులోనూ, భీమవరంలోనూ ఓటరు సభకు వచ్చాడు, చూశాడు, చప్పట్లు కొట్టాడు. ఓటు వేసేటప్పుడు మాత్రం వేరే లెక్క వేసుకున్నాడు. పిఠాపురం ఓటరు ఐదు ఎన్నికల్లో ఏ గుర్తునూ రెండోసారి వరసగా గెలిపించలేదు. తెలుగు రాజకీయాల్లో అతి పెద్ద ఆకర్షణ ఉన్న నాయకుల్లో ఒకరిని గెలిపించినా ఆ అలవాటును ఆయన కోసం మార్చుకుంటానని ఎవరికీ మాటివ్వలేదు. తదుపరి ఎన్నికల్లో జనసేన ముందున్న అసలు పని ఆ అలవాటును మార్చడమే.